రెండు అనేలోపు

బొటనవేలి గోరు నొక్కి పట్టాలె.
తెల్లగైతది.
ఇడిసిపెట్టి ఒకటి, రెండు...
రెండు అనేలోపు ఎరుపు తిరిగి రావాలె.
రాకుంటే ఎంత రాత్రైనా ఫోన్ చెయ్యమన్నది
నర్సు షైనీ, మలయాళం కలిసిన హిందీల.

షార్జా, సజా క్యాంపు, పదకొండో గది.
పై మంచం నాది.
మొఫిజుల్ అడగకుండనే కింది మంచం ఇచ్చిండు.
కాలు గుండెకన్న ఎత్తుల ఉండాలంట.
నలభై ఆరేండ్లల ఈ కాలు
ఎన్నడన్న నా గుండెను కిందికి చూసిందా?
ఇప్పుడు సోనా మసూరి బస్తా మీద
దొరబిడ్డ లెక్క పండుకున్నది.
వండుకున్నకొద్ది బస్తా దిగుతది,
కింద ఒక హెల్మెట్ పెట్టినం.

మడమల రెండు ఇనుప మొలలు.
పన్నెండేండ్లు ఊరోళ్ళ మేడలకు పరంజా కట్టిన,
నాలోపల ఎవరో చిన్న పరంజా కట్టి
విప్పుడు మర్చిపోయిండ్రు.

నెత్తురు గడ్డకట్టకుండ పొట్టల రోజుకొక సూది.
ఇటుకలు పేర్చే చేతులతోని మొఫిజుల్ ఇస్తడు,
బిస్మిల్లా అని, కండ్లు మూసుకొని.
"కండ్లు తెరువురా" అంట నేను.

బాత్రూముకని కాలు దించితే చాలు,
వేళ్ళు అల్లనేరేడు పండ్లైతయి.
ఎత్తి పెడితే,
కంపెనీ బస్సుల నుంచి మనుషులు దిగినట్టు
మెల్లగ, ఒక్కొక్కటి.

నిన్న రాత్రి ఏసీ మోతల మెలకువొచ్చింది.
వేలు సల్లగున్నది.
గది సలికా, నెత్తురు రాకనా?
టేక్ బహదూర్‌ను లేపిన.
నాలుగింటికి డ్యూటీ ఉన్నోడు,
తిట్టకుండ తన కాలు తెచ్చి నా కాలు పక్కన పెట్టి
రెండూ ముట్టి చూసి
"నాదే ఎక్కువ సల్లగుంది, పండు" అన్నడు.

ఆదివారం ఇమోల మావోళ్ళామె
కాలు చూపియ్యమన్నది.
మంచి కాలు చూపిచ్చిన.
కొంచెంసేపు సప్పుడు లేదు.
"గా మచ్చ ఎడమకాలుది.
మక్క కోతల తాకింది నా కొడవలే.
నాకెరుక లేదా? కుడిది తియ్యి."

తీసిన.
ఉబ్బిన పాదం, కట్టు అంచున పసుపుపచ్చ మందు.
ఏడుస్తదనుకున్న.
"ఏదో నొక్కుడంటివి గదా. నొక్కు."

నొక్కిన. తెల్లగైంది.
ఇడిసిన.
"ఒకటి" అన్నది.
గంతల్నే ఫోన్ ఆగింది.

ఇక్కడ వేలు ఎప్పుడో ఎర్రగైంది.
అక్కడ, ఆమె చేతిల,
ఇంక తెల్లగనే ఉన్నదేమో.
తెర నడుమ చుక్కలు గుండ్రంగ తిరుగుతున్నయి.
రెండు ఇంక రాలేదు.