నెర్గుయ్ గడ్డి

ఆగస్టు ఎండలో ఆవిడ ఒక్కతే
ఉత్తరపు వాలు మీద పొడుగు కొడవలి ఊపుతుంటే
మేం గుర్రాల మీంచే నవ్వాం.
"గాలిక్కూడా మేత వేస్తావా, నెర్గుయ్?"
తలెత్తలేదు.
చెమట తుడుచుకోవడానికి మాత్రం ఓసారి ఆగింది.

ఆ ఏడు ఖాంగాయ్ కొండల్లో
గడ్డి చీలమండ దాటలేదు.
చీలమండ దాటని గడ్డిని ఎవరు కోస్తారు?
ఎలుకలు కోశాయి.
తోకలేని ఆ బుల్లి రాతి ఎలుకలు
ఎప్పటికంటే ఇరవై రోజులు ముందే
బొరియల ముందు పిడికెడు పిడికెడు కుప్పలేశాయి.
నేనూ చూశాను వాటిని.
మోటార్ సైకిల్ ఆపి, ఉచ్చ పోసుకుంటూ చూసి,
మళ్లీ ఎక్కి వెళ్లిపోయాను.
ఆవిడ చూసి ఇంటికెళ్లి కొడవలి నూరింది.

సెప్టెంబరులో నలభై మేకలు అమ్మేసింది,
ధర పాతాళంలో ఉండగా.
"దీనికి మతి పోయింది" అంది నా భార్య.
ఆ డబ్బుతో తవుడు కొంది, ఉప్పు కొంది.
పాత గుడారపు ఉన్ని పట్టాలు కత్తిరించి
చూడి గొర్రెలకి చొక్కాలు కుట్టింది.
పిడకలు మనిషెత్తు పేర్చింది.
ఆ నెల నేనూ ఒకటి కొన్నాను.
టీవీ. పెద్దది.

నవంబరులో వాన పడి, ఆ రాత్రే గడ్డకట్టింది.
నేల మీద గాజు.
ఆ పైన మంచు. ఆ పైన మళ్లీ గాజు.
గుర్రం డెక్కతో కొడితే ఇనుము మోగింది.

గొర్రెలు నిలబడే చచ్చిపోతాయి, తెలుసా?
పొద్దున్నే దొడ్లోకి వెళ్లి
ఏది బతికుందో తోసి చూడాలి.
మూడొందల పన్నెండు తోశాను.

ఫిబ్రవరిలో ఆవిడ దొడ్లోంచి అరుపులు.
ఆకలివి కావు,
తల్లిని వెతుక్కునే పిల్లలవి.
"అదృష్టం" అన్నాం అందరం.
నిజమే, అదృష్టమే.
మేం చూడలేదు కదా.
ఎదురుగా నిలబడి, కళ్లు రెండూ తెరుచుకుని,
రెండు నెలలపాటు
చూడలేదు.

డగ్వా సంగతి చెప్పకపోతే ఇదంతా అబద్ధమవుతుంది.
డగ్వా కూడా గడ్డి కోశాడు, ఆవిడ కంటే ఎక్కువే.
ఒక్క రాత్రి మంచు తుపాను
మందని మంద తోలుకుపోయి లోయలో పడేసింది.
వాములు మిగిలాయి. తినేవి లేవు.
నెర్గుయ్‌కీ గోధుమరంగు గుర్రం దక్కలేదు.
దాని మాటెత్తితే టీ పొయ్యడానికి లేస్తుంది.

డగ్వా ఆ గడ్డిని బండికెత్తి
గుడారం గుడారానికీ పంచాడు, ఒక్క మాటా మాట్లాడకుండా.
నా దొడ్లో మిగిలిన పదకొండూ
దాని మీదే వసంతం చూశాయి.
దాన్నేమంటారో నాకు తెలీదు.

నెర్గుయ్ అంటే మా భాషలో పేరులేనిది.
ముందు పుట్టిన ముగ్గురూ పోయాక
తల్లి ఈ పిల్లని అలా పిలిచింది,
చావు గుమ్మంలో నిలబడి అడిగితే
ఇక్కడెవరూ లేరని చెప్పడానికి.
కొడవలి పట్టేదాకా ఎందుకు,
ఊయలలో ఉండగానే
ఆవిడ కోసం ఎవరో చలికాలానికి సర్దిపెట్టారు.

ఈ ఏడు వానలు బాగున్నాయి.
గడ్డి మోకాలు దాటింది.
రాతి ఎలుకలకి కూడా తొందర లేదు.
నేను మాత్రం నూరుతున్నాను.
చేతకాక రెండుసార్లు వేలు తెగింది.

మా అబ్బాయి అటుగా పోతూ పగ్గం లాగి ఆపాడు.
"నాన్నా, గాలికి మేతా?"

ముందు గుర్రం దిగు, అన్నాను.