నూట పన్నెండో మీటరు దగ్గర

పొయ్యి ఆర్పి మూడు రోజులు.
గొట్టం ఇంకా వెచ్చగానే ఉంది.
ఉక్కు తొట్టిలో ఇద్దరం వేలాడుతున్నాం,
పైన ఆకాశం పావలా బిళ్ళంత.

వ్లాస్తిమిల్ సుత్తితో గోడను తడతాడు,
చెవి ఒగ్గి వింటాడు
పుచ్చకాయల బండి దగ్గర బేరగాడిలా.
"ఇది పలికింది" అంటాడు.
ఏమీ అననిచోట
నేను సుద్దతో సున్నా చుడతాను.

ఉక్కు మీద చెమట.
తాకబోతే నా చెయ్యి లాగేశాడు.
లిట్మస్ కాగితం అద్దాడు.
గోరింట పండినట్టు ఎర్రబడింది.

మునుపు ఇలా లేదు, అన్నాడు
రొట్టెకు పందికొవ్వు రాసుకుంటూ.
పొగ అప్పుడు పొగరుగా పోయేది.
గోడవైపు చూడనైనా చూడక
పచ్చపచ్చగా ఎక్కిపోయి
క్రుష్నే కొండల ఫర్ చెట్ల మీద దిగేది.
చెట్లు నిలువునా, నిలబడే చచ్చాయి.
ఊరు విడవకుండా ఉన్నందుకు
మా నాన్నకు సర్కారు ఏటా కొంత ముట్టజెప్పేది.
జనం దాన్ని పాడె డబ్బు అనేవారు.
దాంతోనే నాకు సైకిల్ కొన్నాడు.

తర్వాత సున్నపునీళ్ళు వచ్చాయి.
పొగకు స్నానం చేయించి పంపడం మొదలైంది.
తడిసి, చల్లబడి, బుద్ధి తెచ్చుకుని
పొగ గోడ పట్టుకుని నడవడం నేర్చింది.
పట్టుకున్నచోటల్లా
కడగ్గా మిగిలిన పులుపు దిగవిడిచింది.
కొండకు తప్పింది
గొట్టం కడుపుకు చుట్టుకుంది.

అందుకే ఈ కళాయి.
ముందు నల్లటి జిగురు పూత,
దాని మీద గాజునురగ ఇటుకలు.
ఎత్తితే మరమరాల మూటంత తేలిక,
ఆమ్లానికి మాత్రం లొంగవు.

మా అమ్మ దోసకాయలు ఊరేసే ఎనామిల్ గిన్నెకు
ఆవగింజంత పెచ్చు లేచింది ఒకసారి.
రెండు చలికాలాల్లో అడుగు ఊడి చేతికొచ్చింది.
"గిన్నెంతా బాగానే ఉంది" అనేది అమ్మ,
పారెయ్యడానికి మనసొప్పక.

నా ఉద్యోగం ఆ ఆవగింజను వెతకడం.
కరెంటు పారే రాగితీగల కుంచెతో
పూతంతా నిమురుతూ పోతాను.
నిండుగా ఉంటే మౌనం.
సూదిమొనంత బెజ్జమున్నా
నీలి మిణుగురు ఒకటి ఎగిరి
టప్పుమంటుంది.

తొమ్మిదో రోజు,
నూట పన్నెండో మీటరు దగ్గర, టప్పుమంది.

వ్లాస్తిమిల్ ముసుగు పైకెత్తి
చాలాసేపు అక్కడే చూశాడు.
"ఇది నేను పూసిందే, యార్మిలా."
నలభై ఏళ్ళ చెయ్యి.
గీకాడు. తుడిచాడు. మళ్ళీ పూశాడు,
చంటిబిడ్డకు కాటుక పెట్టేంత నెమ్మదిగా.

అప్పుడు దగ్గాడు.
దగ్గు గొట్టం అడుగుదాకా వెళ్ళి
తిరిగొచ్చింది.
పలకని శబ్దం.
సుత్తి వేసినప్పుడు ఆయన
ఏమీ అనకుండా ఊరుకునే రకం.

నా చేతిలో ఇంకా సుద్దముక్క ఉంది.

"ఏమిటలా చూస్తావు?
తొట్టి దించమను" అన్నాడు.