తొడిమలు

రాత్రికి రాత్రి తాళ్లు విప్పేశారు.
తెల్లారేసరికి ఏటుకూరు రోడ్డు పొడుగునా
మిర్చి టిక్కీల లారీలు.

యార్డులో దగ్గు ఎవరికి కొత్త?
ఘాటుకి దగ్గినవాడూ
జ్వరంతో దగ్గినవాడూ
ఒకే బస్తాకి చెరో కొసా పట్టారు.
కాటా ముల్లుకి తేడా తెలీలేదు.

మొన్నటిదాకా సున్నం గుండ్రాల్లో నిలబెట్టి
లాఠీ ఊపిన కానిస్టేబులు
మాస్కు గడ్డం కిందికి లాక్కుని
టీ ఊదుకుంటున్నాడు.
గుండ్రాల మీద తొడిమలు రాలుతున్నాయి.

తొమ్మిదో రోజు
శౌరమ్మ తేజా కాయ ఒకటి విరిచి
ముక్కు దగ్గర పెట్టుకుంది.
మళ్లీ ఇంకోటి.
ఏమీ లేదు.
వేళ్లు మాత్రం మండుతున్నాయి.
చెబితే గేటు బయట కూర్చోబెడతారని
చెంగుతో ముక్కు తుడుచుకుని
తొడిమలు తీస్తూనే ఉంది.

తర్వాతి వారం ఆమె పీట ఖాళీ.
పక్కావిడ దాన్ని కాస్త
ఇటు జరుపుకుంది,
నీడ అటే ఉందని.