డబ్బాకీ కడ్డీకీ మధ్య

ఊరి పేరు సాఫీ.
మా పనిలో మాత్రం ఏదీ సాఫీగా సాగదు.

ఖాళీ డబ్బాని నిలబెట్టి చూడండి.
నిండినదానికుండే నిబ్బరం దానికుండదు,
తలుపు తీస్తే వచ్చే గాలికే తూలుతుంది.
అలాంటివి నిమిషానికి రెండొందలు
పై అంతస్తు నుంచి
మెలితిరిగిన కడ్డీల బోనులో
దొర్లుకుంటూ దిగాలి,
దిగి, బోర్లా పడకుండా,
నోరు పైకి తెరిచి
ఆడవాళ్ళ చేతుల ముందు నిలవాలి.

సందు ఎక్కువైతే అడ్డం తిరుగుతుంది.
తక్కువైతే ఇరుక్కుంటుంది.
ఒకటి ఇరుక్కుంటే వెనకున్న వెయ్యీ
దాని వీపు మీదెక్కి అరుస్తాయి.
నేను గీసే గీతలన్నీ ఆ సందు కోసమే:
ఒకటిన్నర మిల్లీమీటరు.
గోరంత కూడా కాదు,
గోటి కింద మట్టంత.

సోమవారం పొట్టి డబ్బా.
బుధవారం పొడుగుది, టమాటా రసంతో.
మధ్యలో పడవలు ఏ సైజు చేప తెస్తే ఆ సైజు.
మారిన ప్రతిసారీ హమ్మాదీ మనుషులు
నలభై ఎనిమిది బోల్టులు విప్పి, బిగించి,
తిట్టుకుని, మళ్ళీ విప్పేవాళ్ళు.
మూడు గంటలు.
ఐసు మీద కవళ్ళకి ఈలోగా
కళ్ళు మసకబారేవి.

అందుకే కదిలే కడ్డీలు గీశాను.
పట్టు పట్టుకీ పొడవాటి కంత,
చివర ఒకే చక్రం.
తిప్పితే రెండు పక్కలా
దోసిలి ముడుచుకున్నట్టు దగ్గరికొస్తాయి.
పక్కన ఇత్తడి రేకు మీద
మిల్లీమీటర్లు చెక్కించాను, కాసాబ్లాంకాలో.
ఆ రేకంటే నాకు మహా ముద్దు.
బిల్లు చూసి మా యజమాని బెన్‌షక్రూన్
రెండ్రోజులు పలకరించలేదు.

నెల పోయాక వెళ్ళాను.
సైజు మార్చడానికి పదకొండు నిమిషాలట!
గర్వంగా వంగి చూస్తే
రేకు నిండా నూనె, పొలుసులు.
ఒక్క అంకె కనబడదు.
కడ్డీ మీద మాత్రం
మూడు ఎర్రటి చుక్కలు.

గోరింటాకేమో అనుకున్నాను.
కాదు, గోళ్ళరంగు,
తమూ కోడలు పెళ్ళికి తెచ్చుకున్నది.

"పొట్టిదానికి ఇది, పొడుగుదానికి ఇది."
కత్తెర ఆపకుండానే చెప్పింది తమూ.
"మూడోది?"
"అగాదీర్ నుంచి వచ్చే డబ్బాలకి.
వాటి పెదవి కాస్త లావు.
నీ రేకుకి తెలీదు."

కొలిచాను.
పావు మిల్లీమీటరు లావు.
ముప్ఫయ్యేళ్ళు చేపల తలలు కోసి
ఉప్పునీళ్ళకి వంకరపోయిన చూపుడువేలికి
ఆ పావు తెలుసు.
నా కాగితాల్లో లేదు.

వచ్చేద్దామని తిరిగినప్పుడు చూశాను,
ఆమె నిలబడ్డది నేల మీద కాదు.
బోర్లించిన చేపల పెట్టె మీద.
పక్కావిడ దుంగ మీద.
అవతలావిడ పొడగరి,
నడుం వంచి, వంచి,
మధ్యాహ్నానికి కొడవలిలా అయిపోయింది.
నా బొమ్మలో డబ్బా ఎత్తుంది, వెడల్పుంది,
ఖాళీ బరువు గ్రాముల్లో ఉంది.
ఎదురుగా నిలబడే మనిషికి
గడే లేదు.

మర్నాడు టేపు తీసుకెళ్తే
"నేనేమన్నా డబ్బానా?" అంది తమూ.
వరసంతా నవ్వింది.
నవ్వుతూనే చెప్పులు విడిచి నిటారుగా నిలబడింది.
మడమ నుంచి మోచేతికి
ఎనభై తొమ్మిది సెంటీమీటర్లు.
ఇంకోసారి చూస్తానంటే
"సాఫీ" అంది.
మా మాటలో, ఇక చాలని.

ఇప్పుడు బల్ల కాళ్ళకి మరలు గీస్తున్నాను.
బెన్‌షక్రూన్‌కి ఇంకా చెప్పలేదు.

మూడో వంపు దగ్గర మాత్రం
రోజుకొక డబ్బా అడ్డం తిరుగుతూనే ఉంది.
ఎన్ని లెక్కలు వేసినా ఎందుకో తెలీదు.
యీద్దర్ అనే కుర్రవాడు చీపురుకర్రతో
ఒక్కటి తడతాడు.
అది లేచి,
ఏమీ ఎరగనట్టు
వరసలో కలిసిపోతుంది.