లోతు అడిగినవాడికి

లోతెంత అని అడుగుతున్నావు,
సర్వే పుస్తకం మోకాలి మీద పెట్టుకుని.
రాసుకో, అయితే.
ఎండల్లో నా మోకాలు.
తొలివానకి మా అమ్మ నడుము.
నీళ్ళు ఎర్రబడి నురగ కక్కితే
మా అన్న ఒబిరి గడ్డం,
అదీ వాడు మునివేళ్ళ మీద నిలబడితే.
ఆ కొలత ఇప్పుడు ఎవరి దగ్గరా లేదు.

మాది పడవవాళ్ళ ఇల్లు.
కోలా కాయల గంపలు, ఉప్పు, పెళ్ళికూతుళ్ళు,
ఒకసారి ఒక నాయకుడి శవం,
అన్నీ మా తెడ్డు మీదే అవతలికి.
తెల్లదండు అడవి నరుక్కుంటూ వస్తోందని
డోలు మూడు రాత్రులు చెప్పింది.
పడవలు ముంచెయ్యమన్నారు పెద్దలు.

పడవని ముంచడం ఎంత కష్టమో తెలుసా?
దానికి మునగడం రాదు.
పొట్టనిండా రాళ్ళు పేర్చినా
అంచు పైకెత్తి మమ్మల్నే చూసింది.
ఒబిరి ఎక్కి నిలబడ్డాడు.
ఇద్దరూ కలిసి దిగారు.
వాడొక్కడే పైకొచ్చాడు, నవ్వుతూ, ముక్కులో నీళ్ళతో.

ఆ రాత్రంతా వాళ్ళు వానలో చెట్లు కొట్టారు.
గొడ్డలి దెబ్బలు లెక్కపెట్టాను,
నలభై దాటాక నిద్ర పట్టింది.
తెల్లారేసరికి ఏటి మీద మొద్దుల వంతెన.
ఆ రోజు గురువారం.
గురువారం మేం ఏటిని తాకం, కుండ కూడా ముంచం.
వాళ్ళకి ఎవరూ చెప్పినట్టు లేదు.

యుద్ధం నేను చూళ్ళేదు.
చూసినవాళ్ళు చెప్పేదీ పొగ గురించే.
వెదురుపొదలో బోర్లా పడుకుని విన్నాను:
మా తుపాకులు దగ్గుతాయి,
గులకరాళ్ళూ ఇనపముక్కలూ మింగి ఒక్కసారి దగ్గి
ఊపిరి పీల్చుకుని, మళ్ళీ.
వాళ్ళవి ఊపిరి తీసుకోనే లేదు.

మధ్యాహ్నానికి ఒబిరిని అరటాకుల మీద తెచ్చారు.
కాళ్ళకి బురద, జుట్టులో ఆకులు.
ఏరు మాత్రం వాడికి ఎక్కడా అంటలేదు.

రాసుకోవడం ఆపావే?
నీకు కావలసిన లోతు ఇక్కడి నుంచే.

మూడో రాత్రి తిరిగొచ్చారు.
వెనక, రాజధాని వైపు, ఆకాశం ఎర్రగా.
వాన పట్టుకుంది, వంతెన మీదుగా నీళ్ళు.
ముందు మోతగాళ్ళు, ఫాంటీ ఆడవాళ్ళు, నెత్తిన పెట్టెలు.
తరవాత సోల్జర్లు,
బట్టలు విప్పి మూటకట్టి తలల మీద పెట్టుకుని,
ఒకడి భుజం ఒకడు పట్టుకుని, మెడలోతున.
చీకట్లో పళ్ళు కొట్టుకునే చప్పుడు.

చివర ఒకడికి పట్టు తప్పింది.
కుర్రాడు. ఒబిరంత కూడా ఉండడు.
మునుగుతూ తేలుతూ సుడివైపు పోతున్నాడు.
వాడికి ఎడమన, రెండు బారల దూరంలో,
అడుగున మా పడవ.
"ఎడమకి!" అని అరిచాను.

నేను అరవలేదు.
రేవులో పుట్టిన నోరు అరిచింది.
మునిగేవాణ్ణి చూస్తే దానికదే తెరుచుకుంటుంది,
ఊరూ పేరూ అడగదు.

నా భాష వాడికి రాదు. భయానికి వచ్చేమో.
తిరిగాడు. కాళ్ళకింద కర్ర తగిలింది.
మెడ, భుజాలు, రొమ్ము,
నీళ్ళలోంచి లేచాడు
మా అన్న నిలబడ్డచోట.
నా వైపు చూశాడు.
వెదుర్లు తప్ప ఏం కనపడి ఉంటాయి.

ఎండాకాలం పడవని పైకి తీశాం.
రాళ్ళమధ్య ఇత్తడి గుండీ ఒకటి.
అమ్మ దాన్ని బంగారం తూచే గుళ్ళలో కలిపేసింది.
చాన్నాళ్ళు మా లెక్క కాస్త తప్పుగా ఉండేది.

ఎర్రమట్టి పూసుకుని అమ్మ ఏడ్చినప్పుడు చెప్పలేదు.
కొడుక్కి ఒబిరి అని పేరు పెట్టినప్పుడూ చెప్పలేదు.
నీకు చెప్పానంటే, నీకు కావలసింది అంకె కాబట్టి.

రాసుకో.
ఆ రాత్రి, అక్కడ,
పడవ మీద నిలబడితే, రొమ్ములోతు.
పడవ లేకుంటే ఎంతో
నేను కొలవలేదు.