మూడో రక్తం

డండీలో మధ్యాహ్నం మూడున్నరకే దీపాలు వెలిగాయి.
మైనస్ ఎనభైలోంచి మోర్వెన్ తీసిన చిన్న గొట్టం మీద
గోటితో మంచు గీకితే అక్షరాలు:
గొర్రె నాలుగు వందల పదిహేడు, మూడో రక్తం.

ఇదే ఆఖరిది.

ఆ గొర్రెకి కైనేజ్ అంటే ఏం తెలుసు?
ఒంట్లో గుచ్చిన పరాయి ముక్కని
నెత్తురు గుర్తుపెట్టుకుంది, అంతే.
ఎంజైమ్ ఊరికే కూర్చుంటే అటు చూడదు.
ఫాస్ఫేట్ తగిలించుకుని పనిలోకి దిగిందా,
వేల ప్రోటీన్ల సంతలోనూ
జబ్బ పట్టుకుని ఆపుతుంది.

"పొరని పాలలో నానబెట్టనా?" అన్నాడు టోర్క్విల్, కొత్త కుర్రాడు.
"వద్దు. పాలలోనూ ఫాస్ఫేట్ ఉంటుంది,
పాలని చూస్తే ఇది దారి తప్పుతుంది."
అనేసి, తన మాటకి తనే
కాస్త ఆగింది మోర్వెన్.

వెయ్యికి ఒక వంతు కలపమని కాగితం.
ఆమె రెండు వేలకి కలిపింది,
నెలాఖరు నూనె వాడే చేత్తో.

చీకటి గదిలో, ఫిల్మ్ మీద,
ఇన్సులిన్ ఇచ్చిన కణాల వరసలో నల్లటి గీత.
ఇవ్వని వరసలోనూ
సన్నగా ఇంకోటి.

"పాతబడి అబద్ధమాడుతోంది," అన్నాడు.
"కణాల్ని ఎంతసేపు పస్తు పెట్టావు?"
"రాత్రంతా."
ఆమె ఫిల్మ్ కేసే చూస్తోంది.
"...రెండు గంటలు."

ఆ గొర్రె పోయి ఆరేళ్లు.
బతికుండగా ఓసారి
మోర్వెన్ చొక్కా గుండీ కొరికి మింగేసింది.

గొట్టం అడుగున ఇంకో రెండు చుక్కలు.
మూత బిగించి
"రేపు మళ్లీ చెయ్యి," అంది, "ఈసారి నిజంగా."