ఊదుడు పరీక్ష

తల్లిన్ ట్రాము డిపోలో రోజూ తెల్లారి
తాగలేదని రుజువుకి ఊదుతుంది మాయిమూ.
ఇవాళ ఆసుపత్రిలో ఊదింది.
గొట్టంలో మీథేన్.

"నీది కాదు, పేగుల్లో కాపురమున్నవాళ్ళది.
ఆ గాలికి పేగు నడక మందగిస్తుందంటారు"
అన్నాడు డాక్టరు, గోడ గడియారం చూస్తూ.

ఇరవై రెండేళ్ళు
ప్రతి స్టాపులో అందరినీ దించింది.
తనకొచ్చిన పిలుపుని మాత్రం
తర్వాత, తర్వాత అంటూ
ఆఖరి స్టాపు దాకా మోసింది.
ఇప్పుడు పిలుపే రాదు.
ఐదో రోజు. కడుపు రాయి.

మొదట కోపమొచ్చింది: అద్దె కట్టని బిడారం!
ఆనక లెక్కేసుకుంది,
తను వాళ్ళకి పెట్టిందేమిటని:
తెల్ల బ్రెడ్డు, కాఫీ,
నిలబడి మింగిన సాసేజి.

రాత్రి రై పిండి కలిపి
కిటికీ వార పులియబెట్టింది.
బయట మంచు.
గిన్నెలో ఒక బుడగ, పక్కనే ఇంకోటి.

"మీకున్న తొందర
మావాళ్ళకీ కాస్త నేర్పండి" అంది,
ఇంకా బూట్లు విప్పకుండానే.